తాకేచోట కలప, మోసేచోట ఉక్కు
(ఇంటి పెద్దల కొరకు ఒక పడక కుర్చీ రూపకల్పన)

గృహోపకరణాలన్నింటిలోను కుర్చీని మనం మిక్కిలి తేలికగా తీసుకుంటాం. గనిలో డంపరు నడిపే సహోద్యోగి ఆసనం ఎంత ఎత్తున ఉండాలి, ఎంత వెనుకకు వాలాలి, కుదుపును ఎంతవరకు తగ్గించాలి అని పరిశీలించే మనమే, ఇంటిలో ఎనభై ఏళ్ల తండ్రి రోజుకు ఎనిమిది గంటలు కూర్చొనే కుర్చీని దుకాణంలో రంగు చూసి, వెల అడిగి కొని తెస్తాం. దాదాపు ముప్పది ఏళ్లుగా యంత్రాలతో వ్యవహరిస్తున్న నేను కూడా ఇటువంటి పొరపాటే చేశాను. అయితే కొనడంలో కాదు, స్వయంగా తయారుచేయడంలో చేశాను. ఆ పొరపాటు, దాని దిద్దుబాటు, ఆ సందర్భంగా చదివి తెలుసుకొన్న సంగతులు సహోద్యోగులకు, వారి కుటుంబాలకు ఉపయోగపడగలవన్న ఆశతో ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

రైలు ఊరిలో రెండు కుర్చీలు

బిలాస్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో అనేకం రైలు పట్టాల వెంట వచ్చినవే. బెంగాల్ నాగపూర్ రైల్వే 1887లో ఏర్పడింది. నాగపూర్ నుంచి ఆసన్‌సోల్ వెళ్లే ప్రధాన మార్గం 1891 నాటికి బిలాస్‌పూర్ మీదుగా పూర్తయింది. 1931లో రాయపూర్–విజయనగరం మార్గం కూడా పూర్తి కావడంతో ఉత్తరాంధ్ర పల్లెలకు ఛత్తీస్‌గఢ్ మైదానం దగ్గరయింది. మా నాన్నగారు శ్రీకాకుళం జిల్లా నుంచి ఆ దారిలోనే వచ్చి, 1962లో ఆవిరి ఇంజనుపై ఫైర్‌మన్‌గా చేరి, విద్యుత్ ఇంజను డ్రైవరుగా 2002లో పదవీ విరమణ చేశారు. ఆ మరుసటి సంవత్సరమే బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే ఏర్పడింది.

రైల్వే కాలనీలో పెరిగిన నావంటివారికి పడక కుర్చీ అనగానే రెండు రూపాలు గుర్తుకు వస్తాయి. మొదటిది పై తరగతి ప్రయాణికుల నిరీక్షణ గదిలోని పెద్ద టేకు కుర్చీ. పేము అల్లిన వాలు, ముందుకు బారెడు సాగిన చేతులు, వాటిపై కాళ్లు చాచుకొని రాత్రి బండి కోసం కునుకు తీసే ప్రయాణికుడు. దీనిని తోటల దొరల కుర్చీ అని కూడా అనేవారు. పేము అల్లికలోని రంధ్రాల గుండా గాలి ఆడటం వలన వేసవిలో వీపు చెమర్చదు. బిలాస్‌పూర్ స్టేషనులో నిరీక్షణకు సాహిత్య గౌరవం కూడా దక్కింది. రవీంద్రనాథ ఠాకూరు 'ఫాంకి' అనే కవితకు రంగస్థలం ఇక్కడ బండి మారడానికి ఎదురుచూస్తూ గడిపిన గంటలే.

రెండవది క్వార్టరు వరండాలోని కాన్వాసు మడత కుర్చీ. రెండు చట్రాలు, రెండు గుండ్రని కర్రలు, వాటి మధ్య వేలాడే గుడ్డ. అంతకంటె తక్కువ సామగ్రితో మనిషిని విశ్రాంతిగా కూర్చోబెట్టే సాధనం మరొకటి లేదు. డ్యూటీ దిగి వచ్చిన మా నాన్నగారు స్నానం చేసి, అందులో వాలి, పావుగంట ఎవరితోను మాట్లాడేవారు కారు. ఆ పావుగంట ఇంటిల్లిపాదికీ పాటింపు.

మొదటి కుర్చీ

కొన్నేళ్ల క్రితం ఆయన మోకాళ్లు బలహీనపడ్డాయి. కాన్వాసు కుర్చీలో దిగిన మనిషి లేవడం కష్టమయింది. ఇంజనీరు కుమారుడు ఉండి కూడా తండ్రికి తగిన కుర్చీ లేకపోవడమేమిటని నాకు పట్టుదల కలిగింది. విదేశీ పత్రికలలో చూసిన ఆధునిక కుర్చీల బొమ్మలు మనసులో ఉన్నాయి. ఉక్కు గొట్టాన్ని వంచి చట్రం చేయించాను. కూర్చొనే భాగానికి రెండు వెడల్పాటి టేకు పలకలు బోల్టులతో బిగించాను. చేతులకు మెరుగుపెట్టిన గొట్టాన్నే ఉంచాను. ముందు అంచు నేల నుంచి 36 సెంటీమీటర్లు, లోతు 54 సెంటీమీటర్లు, వీపుభాగం చక్కగా వెనుకకు వాలి ఉండేది. చూసినవారందరు మెచ్చుకున్నారు. నాన్నగారు కూడా "బాగుంది బాబూ" అన్నారు.

ఒకనాడు మధ్యాహ్నం ముందుగా ఇంటికి వచ్చాను. నాన్నగారు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని ఉన్నారు. నా కుర్చీలో వారం రోజుల దినపత్రికలు పేర్చి ఉన్నాయి. కారణం అడిగితే చాలాసేపు దాటవేశారు. చివరకు మా అమ్మగారు చెప్పారు. ఆ కుర్చీలో కూర్చొంటే తనంతట తాను లేవలేకపోతున్నారట. నేను డ్యూటీ నుంచి వచ్చేవరకు ఎవరినీ పిలవడం ఇష్టంలేక, మరుగుదొడ్డికి వెళ్లవలసి వస్తుందేమోనని మధ్యాహ్నం మంచినీళ్లు తాగడం మానేశారట. మే నెల ఎండలో, బిలాస్‌పూర్‌లో, ఎనభై దాటిన మనిషి.

ఆ మాట విన్న తరువాత నేను ఆ కుర్చీని మళ్లీ కొలిచాను. ఈసారి కొలతబద్దతోపాటు ఆయనను కూడా కొలిచాను. మొదటిసారి ఆ పని చేయలేదు.

ఎక్కడ తప్పింది?

ఆయన పాదాలు నేలపై ఆనినప్పుడు నేల నుంచి మోకాలి వెనుక మడత వరకు ఎత్తు 42 సెంటీమీటర్లు. నా కుర్చీ దానికంటె 6 సెంటీమీటర్లు తక్కువ. ఆయన పిరుదుల వెనుక నుంచి మోకాలి మడత వరకు 47 సెంటీమీటర్లు. నా కుర్చీ లోతు దానికంటె 7 సెంటీమీటర్లు ఎక్కువ. వీపు ఆనించాలంటే పాదాలు నేలను వదలాలి, పాదాలు ఆనించాలంటే వీపు వాలును వదలాలి.

కూర్చొన్న మనిషి లేవడం నిజానికి యాంత్రిక శాస్త్రంలోని ఒక సులభమైన లెక్క. దేహభారకేంద్రం పాదాల పైకి రానిదే మనిషి లేవలేడు. అందుకే లేచేటప్పుడు అందరం అప్రయత్నంగా పాదాలను మోకాళ్ల వెనుకకు లాక్కొని, మొండెమును ముందుకు వంచుతాం. ఆసనం ఎంత తక్కువ ఎత్తులో ఉంటే మోకాలి కండరాలపై భారం అంత ఎక్కువ. ఆసనం క్రింద అడ్డుకమ్మి ఉంటే పాదాలు వెనుకకు పోవు. నా కుర్చీ ముందుభాగంలో అందం కోసం సరిగ్గా అటువంటి కమ్మి ఒకటి పెట్టాను.

రెండవ లోపం వేసవిలో బయటపడింది. టేకు పలకలలో ఒకటి బోల్టుల మధ్య నిలువునా పగిలింది. కలప నాణ్యమైనదే. తప్పు నాది. కలపకు తేమే ప్రాణం. వానాకాలంలో గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది, వేసవిలో ఎండి కుంచించుకుపోతుంది. ఈ మార్పు నార పొడవున దాదాపు శూన్యం, నారకు అడ్డంగా మాత్రం గణనీయం. నేను ఆగస్టులో బిగించిన పలకలో బోల్టుల మధ్య దూరం 18 సెంటీమీటర్లు. తేమ 8 శాతం తగ్గితే టేకు అంత వెడల్పులో రెండున్నర మిల్లీమీటర్లకు పైగా కుంచించుకుంటుంది. అదే దూరంలో ఉక్కు 30 డిగ్రీల ఉష్ణోగ్రత భేదానికి మారేది మిల్లీమీటరులో పదవవంతు కూడా కాదు. కదలవలసిన కలపను కదలని ఉక్కుకు గట్టిగా కట్టివేస్తే పగలక ఏమి చేస్తుంది?

మూడవది చేతులు. జనవరి ఉదయం ఆ ఉక్కు గొట్టం మంచుగడ్డ వలె ఉండేది, మే నెలలో కాలేది. గదిలో ఉన్న ఉక్కు, కలప రెండింటి ఉష్ణోగ్రత ఒకటే. కాని ఉక్కు టేకుకంటె ఎన్నో రెట్లు వేగంగా ఉష్ణాన్ని మన చేతినుంచి లాగివేస్తుంది, లేదా చేతికి అందిస్తుంది. స్పర్శలోని తేడా అదే.

మహామహుల దారి

ఓటమి తరువాత మనిషి చదువుతాడు. కలపను, లోహాన్ని కలిపి కుర్చీ చేయడంలో ప్రపంచం నూరేళ్ల అనుభవం గడించింది. 1925లో జర్మనీలోని బౌహౌస్ విద్యాలయంలో పనిచేస్తున్న మార్సెల్ బ్రాయర్, తాను తొక్కే సైకిలు హ్యాండిలును చూసి, వంచిన ఉక్కు గొట్టంతో కుర్చీ చేయవచ్చునని ఊహించాడు. ఆ మరుసటి సంవత్సరం డచ్చి వాస్తుశిల్పి మార్ట్ స్టామ్ గ్యాసు గొట్టాలను అతికి, వెనుక కాళ్లు లేని కుర్చీని రూపొందించాడు. ఫిన్లాండులో ఆల్వార్ ఆల్టో మాత్రం లోహపు చలువ రోగుల ఒంటికి హితవు కాదని భావించాడు. 1930ల ఆరంభంలో క్షయరోగుల ఆరోగ్యశాల కొరకు వంచిన కొయ్యతో కుర్చీ చేశాడు. ఊపిరి సులభంగా ఆడేందుకు అనువుగా దాని వాలును నిర్ణయించాడు.

కలప–లోహముల పొత్తును పరిపూర్ణం చేసినవారు అమెరికాకు చెందిన చార్లెస్, రే ఈమ్స్ దంపతులు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో వారు గాయపడిన నావికుల కాళ్లకు కట్టే బద్దలను పలుచని కలప పొరలను అచ్చులో వంచి తయారుచేశారు. ఆ అనుభవంతోనే 1956లో హెర్మన్ మిల్లర్ కంపెనీ ద్వారా ప్రసిద్ధమైన పడక కుర్చీని విడుదల చేశారు. వంచిన ప్లైవుడ్ చిప్పలు మూడు, అల్యూమినియం ఆధారం, తోలు దిండ్లు. అయితే ఇంజనీరును ఆకర్షించేది పైకి కనిపించని ఒక చిన్న వస్తువు. కలపకు, లోహానికి నడుమ వారు రబ్బరు బిళ్లలను ఉంచారు. వీపుభాగం ఆ రబ్బరుపై స్వల్పంగా కదులుతుంది. నా పలకను పగులగొట్టిన సమస్యకు ఆ బిళ్లలో సమాధానం ఉంది. ఈ దంపతులు మన దేశానికి పరాయివారు కారు. భారత ప్రభుత్వ ఆహ్వానంపై వచ్చి 1958లో వారు సమర్పించిన నివేదిక ఆధారంగానే 1961లో అహ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడింది. ఆ నివేదికలో వారు అత్యంత సుందరమైన వస్తువుగా ఎంచినది మన ఇళ్లలోని చెంబును.

మన దేశంలోను ఈ విద్యకు గొప్ప ఉదాహరణలు ఉన్నాయి. పాండిచ్చేరి శ్రీ అరవిందాశ్రమంలో 1930లలో ప్రారంభమైన వసతిగృహానికి హైదరాబాదు దివాను సర్ అక్బర్ హైదరీ ద్వారా నిజాము నుంచి విరాళం లభించింది. అందుకే దానికి మన గోల్కొండ పేరు పెట్టారు. అక్కడ వాస్తుశిల్పి ఆంటొనిన్ రేమండ్ వద్ద పనిచేసిన జార్జ్ నకషిమా టేకుతో సరళమైన సామగ్రిని రూపొందించాడు. తరువాతి కాలంలో ఆయన అమెరికాలో కలప శిల్పిగా జగద్విఖ్యాతి పొందాడు. చండీగఢ్ నిర్మాణ సమయంలో పియర్ జెన్నరే ప్రభుత్వ కార్యాలయాలకు టేకు, పేములతో కుర్చీలు రూపొందించాడు. ప్రభుత్వరంగ ఉద్యోగులమైన మనం ఆ కుర్చీల తదుపరి గతిని గమనించాలి. పాతబడినవని వాటిని తుక్కు సామాను క్రింద వేలం వేశారు. విదేశీ వ్యాపారులు కొనుక్కొని, బాగుచేసి, లక్షల రూపాయలకు అమ్ముకొన్నారు. 2011లో కేంద్ర హోంశాఖ జోక్యం చేసుకొని ఆ సామగ్రి అమ్మకాన్ని, ఎగుమతిని నిషేధించవలసి వచ్చింది. మన స్టోర్సులో మూలబడిన పాత కుర్చీని తుక్కు జాబితాలో వ్రాసేముందు ఒక్కసారి తిరగవేసి చూడటం మంచిది.

ఇక దేహం సంగతి. స్వీడను దేశపు అస్థివైద్యుడు ఆల్ఫ్ నాకెమ్‌సన్ 1960లలో వెన్నుపూసల నడుమ ఉండే మెత్తని బిళ్లలలో సూది అమర్చి ఒత్తిడిని కొలిచాడు. ఆధారం లేకుండా కూర్చొన్నప్పుడు నడుముపై ఒత్తిడి నిలబడినప్పటికంటె ఎక్కువని ఆ కొలతలు చూపాయి. వెనుకకు వాలినకొద్దీ, నడుము వంపుకు ఆధారం ఇచ్చినకొద్దీ అది తగ్గుతుందని తదుపరి పరిశోధనలు తేల్చాయి. కనుక వాలు అవసరమే. కాని వాలు పెరిగినకొద్దీ లేవడం కష్టం. పెద్దల కుర్చీ రూపకల్పన అంతా ఈ రెండింటి నడుమ రాజీ కుదర్చడమే.

రెండవ కుర్చీ

ఈసారి ఒక సూత్రం పెట్టుకొన్నాను: ఒంటికి తాకేచోట కలప, భారం మోసేచోట ఉక్కు, రెండూ కలిసేచోట రబ్బరు.

ముందు అంచు ఎత్తు 44 సెంటీమీటర్లు. మోకాలి మడతకంటె 2 సెంటీమీటర్లు ఎక్కువ కనుక లేవడం సులభం. లోతు 43 సెంటీమీటర్లు. ఆసనం వెనుకకు 6 డిగ్రీల వాలు, ఆసనానికి, వీపుభాగానికి నడుమ కోణం 106 డిగ్రీలు. ఆసనం నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తున నడుము వంపుకు స్వల్పంగా ముందుకు ఉబికిన పట్టీ. చేతుల ఎత్తు ఆసనంపై 21 సెంటీమీటర్లు. చేతులు ఆసనం అంచుకంటె 4 సెంటీమీటర్లు ముందుకు సాగి, కొసలు పిడికిలికి పట్టు చిక్కేలా గుండ్రంగా ఉంటాయి. లేచేటప్పుడు మనిషి తన భారాన్ని ఆ కొసలపైనే మోపుతాడు. అవి ముందు కాళ్లను దాటి బయటకు వస్తే కుర్చీ తలక్రిందులవుతుంది. అందువలన ముందు కాళ్లను సరిగ్గా ఆ కొసల క్రిందకు తెచ్చాను. ఆసనం క్రింద ముందువైపు అడ్డుకమ్మి లేదు. చట్రాన్ని బిగించే కమ్మి వెనుకకు పోయింది.

చట్రానికి 25 మిల్లీమీటర్ల వ్యాసం, 2 మిల్లీమీటర్ల మందం గల మెత్తని ఉక్కు గొట్టం తీసుకొన్నాను. నూరు కిలోల మనిషి ఒక్కసారిగా కూలబడితే ఆ భారం రెట్టింపు ప్రభావం చూపుతుంది. రెండువైపుల చట్రాలు పంచుకొంటే ఒక్కొక్కదానిపై దాదాపు వేయి న్యూటన్లు. 45 సెంటీమీటర్ల ఆధారాల నడుమ, భారమంతా మధ్యలోనే పడిందనుకొన్నా, గొట్టంలో కలిగే ఒత్తిడి సుమారు 146 మెగాపాస్కల్‌లు. ఇటువంటి ఉక్కు 210కి పైగా వెళితే గాని శాశ్వతంగా వంగదు. కనుక చట్రం నిశ్చింతగా నిలుస్తుంది.

గొట్టం వంచేచోట నొక్కుకుపోకుండా లోపల పొడి ఇసుక దట్టించి, రెండు కొసలు మూసి, వేడిచేసి వంచడం పాత పద్ధతి. పని జరుగుతుండగా నాన్నగారు వరండాలో నుంచి కేక వేశారు. "ఇసుక బాగా వేయించావా బాబూ? తడి మిగిలితే ఆవిరి ఏం చేస్తుందో నన్నడుగు." నిజమే. మూసిన గొట్టంలో తడి ఇసుక బాయిలరుతో సమానం. ఇసుకను మళ్లీ వేయించాం. ఆ రోజునుంచి ఆయన ఈ కుర్చీకి పర్యవేక్షకులయ్యారు.

వెడల్పు పలకల స్థానంలో 6 సెంటీమీటర్ల వెడల్పుగల టేకు పట్టీలను 8 మిల్లీమీటర్ల ఎడంతో అడ్డంగా పరిచాను. ఒక్కొక్క పట్టీ ఏడాదిలో ఒక మిల్లీమీటరు లోపే కదులుతుంది, ఆ కదలికకు ఎడం చాలును. ప్రతి కొసలో ఒకే స్క్రూ, అది పట్టీ వెడల్పు మధ్యలో. స్క్రూ క్రింద రబ్బరు వాషరు. దీనివలన కిర్రుమనే చప్పుడు కూడా పోయింది. పట్టీల నడుమ గాలి ఆడటం వలన నిరీక్షణ గది పేము కుర్చీలోని చలువ కొంతవరకు దక్కింది.

కలప ఎన్నికలో ఒక హెచ్చరిక. తుమ్మ వంటి వగరు ఎక్కువగా ఉన్న కలప తడి తగిలినప్పుడు ఇనుముతో కలిసి నల్లని మరకలు ఇస్తుంది. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు కరక్కాయ పట్టించిన బట్టపై ఇనుము, బెల్లం ఊరవేసిన ద్రావకంతో నల్లరంగు తెప్పించేది ఇదే రసాయన చర్యతో. బట్టపై అది కళ, ఇంటి కుర్చీపై మరక. కనుక ఇత్తడి లేదా స్టెయిన్‌లెస్ స్క్రూలు వాడటం, గొట్టానికి రెండు పూతలు రంగు వేయడం అవసరం.

ఇంటిలో తీసుకోవలసిన నాలుగు కొలతలు

కుర్చీ చేయించినా, కొన్నా, ముందు కూర్చొనే మనిషిని కొలవండి. చెప్పులు లేకుండా, గట్టి బల్లపై నిటారుగా కూర్చోబెట్టి:

1. నేల నుంచి మోకాలి వెనుక మడత వరకు ఎత్తు. పెద్దలకు ఆసనం ముందు అంచు దీనికి సమానంగా గాని, 2 సెంటీమీటర్లు ఎక్కువగా గాని ఉండాలి. దిండు ఉంటే అది అణగిన తరువాతి ఎత్తునే లెక్కించాలి.

2. పిరుదుల వెనుక నుంచి మోకాలి మడత వరకు పొడవు. ఆసనం లోతు దీనికంటె కనీసం మూడు వ్రేళ్ల వెడల్పు తక్కువ ఉండాలి.

3. ఆసనం నుంచి మడిచిన మోచేతి వరకు ఎత్తు. చేతులు ఆ ఎత్తుకు దగ్గరగా ఉండాలి.

4. తుంటి వెడల్పు. చేతుల మధ్య దూరం దానికంటె ఒక జానెడు మించకూడదు. మించితే లేచేటప్పుడు మోచేతులు బయటకు పోయి బలం చాలదు.

విదేశీ పుస్తకాలలోని కొలతలను యథాతథంగా తీసుకోరాదు. భారతీయుల దేహప్రమాణాలపై ఆచార్య దేబ్‌కుమార్ చక్రవర్తి గ్రంథాన్ని జాతీయ డిజైన్ సంస్థ 1997లో ప్రచురించింది. అభిరుచి గలవారు దానిని చూడవచ్చు. అయితే ఏ పట్టికా మన ఇంటి మనిషికి ప్రత్యామ్నాయం కాదు. కుర్చీ ఇంటికి వచ్చిన తరువాత చివరి పరీక్ష ఒక్కటే: సాయం పట్టకుండా, రెండవ ప్రయత్నం లేకుండా ఆ మనిషి లేవగలగాలి.

రెండవ కుర్చీ నవంబరులో సిద్ధమయింది. ఇప్పటికి ఒక వానాకాలం, ఒక వేసవి దాటింది. పట్టీలలో పగుళ్లు లేవు. మా అమ్మగారు కొలతలు తనవి కాకపోయినా మధ్యాహ్నం దానిని ఆక్రమిస్తున్నారు. ఆమెకు మోకాలి ఎత్తు 38 సెంటీమీటర్లే కనుక క్రింద ఒక పీట వేసుకొంటారు. ఆమె కోసం మరొకటి మొదలుపెట్టవలసి ఉంది.

మొదటి రోజు నాన్నగారు ఆ కుర్చీలో కూర్చొని, చేతుల కొసలు పట్టుకొని లేచారు. మళ్లీ కూర్చొని మళ్లీ లేచారు. మూడవసారి లేచి ఏమీ అనకుండా వంటింటి వైపు నడిచారు. కూజాలో నీళ్లు ముంచుకొని నిండు గ్లాసు తాగి వచ్చి కూర్చొన్నారు.

కొలతల చిత్రం కోరిన సహోద్యోగులకు సంతోషంగా ఇవ్వగలను. తమ ఇంటి పెద్దల కొలతలు తీసుకొని వస్తే మరింత సంతోషం.